నట్టును పట్టి ఉంచేది ఏది?

ఎడ్లబండి చక్రాన్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఇరుసు చివర, చక్రం బయటికి జారిపోకుండా, ఒక చిన్న ఇనుప సీల గుచ్చి ఉంటుంది. దానిని కడసీల అంటారు. బండి బరువును మోసేది ఇరుసు. బండిని లాగేవి ఎద్దులు. కడసీల చేసే పని ఏమీ లేనట్టే కనిపిస్తుంది. కాని అది ఊడిన నాడు చక్రం ఒక దారి, బండి ఒక దారి పడతాయి.

మోటారు సైకిలు చక్రానికి కూడా ఇలాంటి చిన్న వస్తువులే ప్రాణం. నట్లు, బోల్టులు, వాషర్లు, పిన్నులు అన్నీ కలిపి గుప్పెడు ఉంటాయి. పాత మోటారు సైకిలు చక్రాన్ని విప్పి మళ్ళీ కట్టేటప్పుడు ఈ గుప్పెడు సామానును ఎలా ఎన్నుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందులో మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని పాఠాలు నాలుగైదు దాగి ఉన్నాయి.

మన దేశంలో పాత మోటారు సైకిళ్ళు అనగానే గుర్తుకు వచ్చేవి రెండు రకాలు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బులెట్ ఒకటి. దానిని ఇక్కడ తయారుచేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. రెండవది మైసూరులో 1961 నుంచి 1996 వరకు తయారైన జావా, యెజ్డీ బండ్ల కుటుంబం. తాతల నాటి ఈ బండ్లను మనుమలు బయటికి తీసి బాగుచేయించుకుంటున్నారు. చక్రం విప్పగానే తుప్పు పట్టిన నట్లు, అరిగిన బోల్టులు బయటపడతాయి. వాటిని పారవేసి, షెడ్డులోని రేకు డబ్బాలో చెయ్యి పెట్టి, సరిపోయినట్టు కనిపించిన దానిని తీసి బిగించడం చాలాచోట్ల జరిగే పని. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఒక్క ఉదాహరణ చూడండి. వెనుక చక్రంలో బ్రేకు పలకను బండి చట్రానికి కట్టి ఉంచే ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు ఆ పలక కూడా చక్రంతో పాటు తిరగబోతుంది. దానిని తిరగనివ్వకుండా ఆపేది ఈ పట్టీయే. పట్టీని పట్టి ఉంచేది ఒక్క బోల్టు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అప్పుడు బ్రేకు వేయగానే ఆ బోల్టు ఊడి ఉంటే, పలక గిర్రున తిరిగి, బ్రేకు కడ్డీని మెలిపెట్టి, చక్రాన్ని ఒక్కసారిగా బిగిసిపోయేటట్టు చేస్తుంది. ఆ తరువాత బండి నడిపేవాడి చేతిలో ఏమీ ఉండదు.

కాబట్టి మన ప్రశ్న ఇది: బిగించిన నట్టును బిగిసే ఉండేటట్టు చేసేది ఏది?

మర అంటే చుట్టిన వాలు

ఒక కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించండి. దాని ఏటవాలు అంచుకు ఎర్ర పెన్సిలుతో రంగు పూయండి. త్రిభుజం నిలువు భుజాన్ని ఒక గుండ్రని పెన్సిలుకు ఆనించి కాగితాన్ని చుట్టండి. ఎర్ర గీత పెన్సిలు చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. అదే మర! మర అంటే గుండ్రని కడ్డీకి చుట్టిన ఏటవాలు తలమే తప్ప వేరు కాదు. నట్టును బిగించడమంటే బరువును వాలు మీదికి తోయడమే.

వాలు మీద పెట్టిన బరువు కిందికి జారాలి కదా? మరి బిగించిన నట్టు దానంతట అది వెనక్కు ఎందుకు తిరగదు? వాలు చాలా తక్కువ కాబట్టి. 10 మిల్లీమీటర్ల మామూలు మెట్రిక్ బోల్టును తీసుకోండి. దాని మరభ్రమణాంతరం 1.5 మి.మీ. అంటే నట్టు ఒక చుట్టు తిరిగితే 1.5 మి.మీ. ముందుకు జరుగుతుంది. మరల మధ్య వ్యాసం ప్రకారం ఒక చుట్టు పొడవు సుమారు 28 మి.మీ. 28 మి.మీ. పోతే 1.5 మి.మీ. ఎక్కే ఈ వాలు కోణం సుమారు 3 డిగ్రీలు. ఉక్కు మీద ఉక్కు జారాలంటే, ఘర్షణ గుణకం 0.15 అనుకున్నా, వాలు 8 డిగ్రీలు దాటాలి. కాబట్టి ఘర్షణ గెలుస్తుంది, నట్టు నిలుస్తుంది.

అయితే ఘర్షణ ఉండాలంటే రెండు తలాలు ఒకదానినొకటి గట్టిగా నొక్కుకుని ఉండాలి. ఆ నొక్కుడు ఎక్కడినుంచి వస్తుంది?

బోల్టు ఒక స్ప్రింగు

నట్టును బిగించినప్పుడు బోల్టు సాగుతుంది. ఇనుము కూడా సాగుతుందా అని ఆశ్చర్యపోకండి. హుక్ నియమం రబ్బరుకే పరిమితం కాదు. బోల్టు చాలా బిరుసైన స్ప్రింగు. సాగిన స్ప్రింగు తిరిగి పొట్టిది కావాలని లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడే పలకలను నొక్కి పట్టి ఉంచుతుంది.

ఒక లెక్క వేద్దాం. మన 10 మి.మీ. బోల్టులో మరలు పోగా బలం మోసే అడ్డుకోత వైశాల్యం 58 చదరపు మి.మీ. మంచి ఉక్కు బోల్టును సురక్షితంగా 25,000 న్యూటన్ల తన్యత వచ్చేదాకా బిగించవచ్చు. చిటికెన వేలంత మందమైన బోల్టు రెండున్నర టన్నుల బరువు వేలాడదీసినంత బలంతో లాగుతున్నదన్నమాట! ఇప్పుడు దానిలో ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 431 న్యూటన్లు. ఉక్కు యంగ్ గుణకం చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,00,000 న్యూటన్లు. నొక్కుకున్న భాగాల మందం 40 మి.మీ. అయితే, బోల్టు సాగుదల:

40 × 431 ÷ 2,00,000 = 0.086 మి.మీ.

ఈ అంకెను గుర్తుంచుకోండి. మన తల వెంట్రుక మందం దాదాపు ఇంతే ఉంటుంది. చక్రాన్ని పట్టి ఉంచే బలమంతా వెంట్రుక మందమంత సాగుదలలో దాగి ఉంది. ఆ వెంట్రుక పోయిందంటే బిగువు పోయినట్టే.

పాత బండిని అందంగా తయారుచేసేవారు తెలియక చేసే పొరపాటు ఒకటి ఇక్కడ అర్థమవుతుంది. ఈ రోజుల్లో విడిభాగాలకు పొడి రంగు పూత వేయిస్తారు. ఆ పూత మందం 0.06 నుంచి 0.1 మి.మీ. వరకు ఉంటుంది. నట్టు కింద ఆ పూతను అలాగే ఉంచి బిగిస్తే, కొన్నాళ్ళకు పూత నలిగి పలచబడుతుంది. అది ఎంత నలిగితే బోల్టు సాగుదల అంత తగ్గుతుంది. నట్టు ఒక్క డిగ్రీ కూడా తిరగకపోయినా బిగువు మాయమవుతుంది. అందుకే నట్టూ వాషరూ కూర్చునే చోట రంగును గీకి, లోహానికి లోహం తగిలేటట్టు చేయాలి.

బిగువు చేసే అసలు పని ఏమిటో చూడడానికి మీ పుస్తకాలు చాలు. ఏడెనిమిది పుస్తకాలను వరుసగా నిలబెట్టి, రెండు చివరలా అరచేతులతో గట్టిగా నొక్కి పైకెత్తండి. మధ్య పుస్తకాల కింద ఏ ఆధారమూ లేదు. అయినా పడవు. నొక్కుడు వల్ల పుట్టిన ఘర్షణే వాటిని మోస్తుంది. చేతులు కాస్త సడలించండి, మధ్యవి జారిపోతాయి. బోల్టుతో కట్టిన రెండు పలకలు కూడా ఇలాగే ఘర్షణతోనే ఒకదానినొకటి పట్టుకుంటాయి. 25,000 న్యూటన్ల నొక్కుడు ఉంటే, ఘర్షణ గుణకం 0.15 చొప్పున, పలకలను పక్కకు జరపడానికి 3,750 న్యూటన్ల బలం కావాలి.

వణుకు చేసే అన్యాయం

ఒక నున్నని చెక్కపలక మీద రూపాయి నాణెం ఉంచి, పలకను మెల్లగా ఒక వైపు ఎత్తండి. నాణెం జారబోయే సమయానికి ఆపి, పలకను కొద్దిగా దించండి. నాణెం కదలకుండా నిలుస్తుంది. ఇప్పుడు పలక పక్క అంచును చిన్న కర్రతో టకటకా కొట్టండి. మీరు కొట్టేది పక్కనుంచే. కాని నాణెం కిందికి పాకుతుంది!

దీని కారణం చాలా ముఖ్యమైనది. జారుతున్న తలాల మధ్య ఘర్షణ జారుడుకు సరిగ్గా ఎదురు దిక్కులో పనిచేస్తుంది. పక్కకు జారుతున్న క్షణంలో దాని బలమంతా ఆ పక్క జారుడును ఆపడానికే ఖర్చవుతుంది. కిందికి జారకుండా పట్టుకోవడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. ఆ సందున నాణెం కాస్త దిగుతుంది.

నట్టుకు జరిగేదీ ఇదే. బిగువు చాలనప్పుడు గతుకుల రోడ్డు మీద, బ్రేకు వేసిన ప్రతిసారీ, పలకలు వెంట్రుకవాసి అటూ ఇటూ జారతాయి. ఆ జారుడు మరల దగ్గరికి చేరుతుంది. 3 డిగ్రీల వాలు మీద నిలబడిన నట్టు ప్రతి జారుడుకూ కాస్త వెనక్కు తిరుగుతుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ప్రకటించిన ప్రయోగాలలో ఈ సంగతిని స్పష్టంగా చూపాడు. బోల్టు పొడవునా వచ్చే వణుకు కంటే అడ్డంగా వచ్చే కదలిక నట్టును ఎంతో త్వరగా వదులు చేస్తుందని తేల్చాడు. బోల్టు బిగింపులను పరీక్షించే యంత్రాలు ఈనాటికీ ఆయన పద్ధతినే అనుసరిస్తున్నాయి.

ఎంత తిరిగితే బిగువు పోతుంది? ఒక చుట్టుకు 1.5 మి.మీ. కాబట్టి 0.086 మి.మీ. సాగుదల పోవడానికి సుమారు 21 డిగ్రీలు చాలు. గడియారంలో నిమిషాల ముల్లు మూడున్నర నిమిషాలలో తిరిగే కోణం అది. పలకలు కూడా కాస్త నొక్కుకుని ఉంటాయి కనుక మరికొంత కలుపుకోండి. ఎలా చూసినా పెద్ద కోణం కాదు.

కాబట్టి మొదటి సూత్రం: నట్టుకు మొదటి తాళం సరిపడిన బిగువే. పలకలు జారనంత కాలం నట్టు తిరగదు. మిగిలిన తాళాలన్నీ దీని తరువాతే.

మరకు తగిన నట్టు

పాత బండితో మొదటి చిక్కు మరల రకాలు. 1841లో జోసఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దేశమంతటికీ ఒకే రకం మరలు ఉండాలని ప్రతిపాదించాడు. ఆయన మర పళ్ళ కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణాన్ని ప్రతిపాదించాడు. ఇప్పటి మెట్రిక్ మరల కోణం కూడా 60 డిగ్రీలే. ఇవి చాలవన్నట్టు బ్రిటిష్ సైకిళ్ళకు, మోటారు సైకిళ్ళకు అంగుళానికి 26 చొప్పున సన్నని మరలు వేరే వాడుకలోకి వచ్చాయి. యెజ్డీ వంటి బండ్ల మరలు మెట్రిక్ పద్ధతివి. బ్రిటిష్ వంశానికి చెందిన పాత బండ్ల మరలు అంగుళాల లెక్కలోవి. పలుమార్లు చేతులు మారిన బండి మీద రెండు రకాలూ కలిసి ఉంటాయి.

ఇందులో ఒక వంచన ఉంది. అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల వ్యాసం, అంగుళానికి 26 మరలు ఉన్న పాత బోల్టును తీసుకోండి. దాని వ్యాసం 9.53 మి.మీ. అంగుళం 25.4 మి.మీ. కనుక మరభ్రమణాంతరం 25.4 ÷ 26 = 0.977 మి.మీ. ఇప్పుడు 1 మి.మీ. మరభ్రమణాంతరం ఉన్న 10 మి.మీ. మెట్రిక్ నట్టును దానికి పెట్టండి. నట్టు చక్కగా ఎక్కుతుంది! ఎందుకంటే మరల అంతరంలో తేడా మిల్లీమీటరులో నలభయ్యో వంతు కూడా లేదు. కాని ఆ నట్టు లోపలి వ్యాసం సుమారు 8.92 మి.మీ. అంటే ఒక్కొక్క వైపు మర పళ్ళు పట్టుకునే లోతు 0.3 మి.మీ. మాత్రమే. సరైన జోడీలో అది 0.54 మి.మీ. ఉండాలి. చేతికి సరిపోయినట్టే ఉన్న నట్టు, గట్టిగా బిగించగానే పళ్ళు తెగి ఊడుతుంది. అప్పుడే ఊడితే అదృష్టం. దారి మధ్యలో ఊడితే?

మోసాన్ని పట్టుకోవడానికి మీ ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్ చాలు. వరుసగా 10 మరల దూరం కొలవండి. మెట్రిక్ అయితే 10.0 మి.మీ., పాత మర అయితే 9.8 మి.మీ. వస్తుంది. కాలిపర్స్ కనీసపు కొలత 0.1 మి.మీ. కాబట్టి తేడా స్పష్టంగా తెలుస్తుంది. బోల్టు బయటి వ్యాసం కూడా కొలవండి. ఇంకొక గురుతు: సరైన నట్టు చేతి వేళ్ళతోనే సాఫీగా ఎక్కాలి, ఎక్కాక అటూ ఇటూ ఊగకూడదు. పానా లేకుండా ఎక్కని నట్టూ, ఎక్కి లటలటలాడే నట్టూ రెండూ పనికిరావు.

తల మీది అంకెలు

బోల్టు తల మీద 8.8, 10.9 వంటి అంకెలు చూసి ఉంటారు. మొదటి అంకెను 100తో గుణిస్తే చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల దగ్గర తెగుతుందో తెలుస్తుంది. రెండవ అంకె, అందులో ఎన్ని పదో వంతుల దగ్గర శాశ్వతంగా సాగిపోతుందో చెబుతుంది. 8.8 అంటే 800 దగ్గర తెగుతుంది, అందులో పదింట ఎనిమిది వంతులు, అంటే 640 దగ్గర శాశ్వతంగా సాగుతుంది.

ఇప్పుడు కిటికీలకు, గేట్లకు వాడే 4.6 రకం మెత్తని బోల్టును చూడండి. అది 240 దగ్గరే సాగిపోతుంది. 58 చదరపు మి.మీ.కు లెక్కిస్తే 13,920 న్యూటన్లు. మనకు కావలసిన బిగువు 25,000. అంటే బిగించేటప్పుడే ఆ బోల్టు పాకంలా సాగుతుంది. సాగిన స్ప్రింగు తిరిగి రానట్టే, దాని బిగువూ నిలవదు. చూపుకు రెండు బోల్టులూ కవలలే. తేడా చెప్పేది తల మీది అంకె ఒక్కటే. అంకె లేని బోల్టును చక్రానికి వాడకూడదు.

తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు మంచిదనుకుంటారు చాలామంది. తుప్పు పట్టదన్నది నిజమే. కాని మామూలుగా దొరికే ఎ2-70 రకం 450 దగ్గరే సాగుతుంది. మన లెక్కలో అది 26,100 న్యూటన్లు. అంటే కావలసిన బిగువుకు అంచున నిలబడినట్టు. పైగా స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద ఒరిపిడికి అతుక్కుపోయే గుణం కలది. అల్యూమినియం హబ్బులో దానిని బిగిస్తే, వాన నీరు చేరినప్పుడు రెండు లోహాలూ కలిసి చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తాయి. అందులో తినబడేది అల్యూమినియమే. పైకి కనిపించే అలంకారపు చోట్ల స్టెయిన్‌లెస్ వాడవచ్చు. ప్రాణం ఆధారపడిన చోట 8.8 రకం జింకు పూత ఉక్కే మేలు.

మెరుపు కోసం బోల్టులకు క్రోమియం పూత వేయించడం మరొక అలవాటు. 12.9 వంటి మిక్కిలి గట్టి ఉక్కు బోల్టులకు ఇది హానికరం. విద్యుత్ పూత తొట్టిలో పుట్టిన హైడ్రోజను ఉక్కులోకి దూరి దానిని పెళుసు చేస్తుంది. అలాంటి బోల్టు బిగించిన రోజు బాగానే ఉంటుంది. కొన్ని గంటలకో కొన్ని రోజులకో, ఎవరూ ముట్టకుండానే పుటుక్కున విరుగుతుంది. అందుకే కర్మాగారాలలో పూత వేయగానే అలాంటి బోల్టులను సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు కాల్చి హైడ్రోజనును వెళ్ళగొడతారు. వీధి చివరి పూత దుకాణంలో ఆ సదుపాయం ఉండదు.

తాళాలలో రకాలు

ఇప్పుడు నట్టుకు వేసే తాళాల సంగతి చూద్దాం.

స్ప్రింగు వాషరు: అందరికీ తెలిసినది, అందరూ నమ్మేది. కాని బోల్టును సరిగా బిగించేసరికి అది పూర్తిగా అణిగి మామూలు వాషరు అయిపోతుంది. దాని స్ప్రింగు బలం బోల్టు తన్యత ముందు చాలా తక్కువ. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1990లో వెలువరించిన బోల్టుల కరదీపిక కూడా, అణిగిన తరువాత ఈ వాషరు తాళంగా పనికిరాదనే చెప్పింది. చక్రం విషయంలో దీని మీద భరోసా పెట్టుకోకూడదు.

నైలాన్ నట్టు: నట్టు పై అంచున నైలాన్ కంకణం ఉంటుంది. బోల్టు దానిలోకి చొచ్చుకుపోయినప్పుడు అది మరలను పట్టుకుంటుంది. బిగువు తగ్గినా నట్టు సులభంగా ఊడిరాదు. బోల్టు కొస కంకణాన్ని దాటి ఒకటి రెండు మరలు బయటికి రావాలి. లేకపోతే పట్టు ఉండదు. ఒకసారి విప్పితే కొత్తది వేయడమే మంచిది. సుమారు 120 డిగ్రీలు దాటితే నైలాన్ మెత్తబడుతుంది. ఘాటు దిగేటప్పుడు బ్రేకు డ్రమ్ము ఎంత కాగుతుందో తెలుసు కదా! డ్రమ్మును ఆనుకుని ఉన్న చోట నైలాన్ బదులు పూర్తిగా లోహంతో చేసిన పట్టు నట్టు వాడాలి.

కోట నట్టు, స్ప్లిట్ పిన్ను: కోటబురుజు పైభాగంలా ఆరు గాళ్ళు ఉన్న నట్టు ఇది. గాడి గుండా, ఇరుసుకు ఉన్న రంధ్రం గుండా పిన్ను దూర్చి కొసలు విడదీసి వంచుతారు. కడసీలకు మనుమడన్నమాట. గాడికీ గాడికీ మధ్య 60 డిగ్రీలు. అంటే 1.5 మి.మీ. మరలో 0.25 మి.మీ. మన బిగువు నిలిచి ఉన్నది 0.086 మి.మీ.లో. కాబట్టి పిన్ను గాడిలో కాస్త వదులుగా ఉన్నా బిగువు పోవచ్చు. కాని నట్టు ఊడిపోదు. చక్రం పోదు. ప్రాణం పోదు. బిగువును కాపాడడం వేరు, ఊడకుండా కాపాడడం వేరు అని దీని వల్ల తెలుస్తుంది. గాడి రంధ్రానికి ఎదురు రాకపోతే నట్టును వెనక్కు వదులు చేయకూడదు. ముందుకు బిగించాలి, లేదా వాషరు మందం మార్చాలి. పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి. దాని స్థానంలో మేకు వంచి పెట్టడం అలవాటుగా చేస్తారు. వంగిన మేకు కొస కొద్ది రోజులకే విరుగుతుంది.

రేకు వాషరు: దీనికి చెవులు ఉంటాయి. ఒక చెవిని పలక అంచుకు, మరొక దానిని నట్టు పక్కకు వంచుతారు. వేడికి చెడదు. చెయిన్ పళ్ళచక్రపు బోల్టుల వంటి చోట్ల ఇది పాతకాలపు నమ్మకమైన తాళం. వంచిన చెవిని మళ్ళీ మళ్ళీ వంచితే తెగుతుంది.

వాలు వాషర్లు: రెండు వాషర్ల జంట. ఎదురెదురు ముఖాల మీద చిన్న చిన్న వాలులు ఉంటాయి. ఆ వాలు బోల్టు మర వాలు కంటే నిటారుగా ఉంటుంది. నట్టు వెనక్కు తిరగబోతే వాషర్లు ఒకదానిపై ఒకటి ఎక్కి, బోల్టును మరింత సాగదీస్తాయి. విప్పబోతే బిగుసుకునే ఈ ఉపాయంలో బిగువే తాళమైంది.

మర జిగురు: 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు కనుగొన్నాడు. గాలి తగిలినంత సేపు ద్రవంగా ఉండి, మరల సందులో గాలి అందని చోట, లోహం తగలగానే గట్టిపడుతుంది. సందు నిండిపోతుంది కనుక మరల పక్క జారుడు ఆగిపోతుంది. నూనె మరక ఉంటే అంటుకోదు. కాబట్టి ముందు శుభ్రం చేయాలి.

ఎంత బలంతో బిగించాలి?

మన ఉదాహరణకు 25,000 న్యూటన్ల బిగువు రావాలంటే పానా మీద సుమారు 50 న్యూటన్-మీటర్ల భ్రామకం ఇవ్వాలి. పావు మీటరు పొడవైన పానా కొసను 200 న్యూటన్లతో, అంటే సుమారు 20 కిలోల బరువంత బలంతో లాగడం. అయితే ఈ శ్రమలో దాదాపు సగం నట్టు కింది ఘర్షణకు, మరో 40 శాతం మరల ఘర్షణకు పోతుంది. బోల్టును సాగదీసేది సుమారు పదో వంతు మాత్రమే. కాబట్టి మరకు నూనె రాస్తే అదే లాగుడుకు బోల్టు ఎక్కువగా సాగుతుంది. తుప్పు ఉంటే అసలే సాగదు, చేతికి మాత్రం బిగిసినట్టే అనిపిస్తుంది. బండి తయారీదారు ఇచ్చిన భ్రామకం అంకె చూసి, కొలత చూపే పానాతో బిగించడం అందుకే అవసరం. ఇక్కడ చెప్పిన 50 అనే అంకె మన ఉదాహరణకే సుమా! ప్రతి నట్టుకూ దాని లెక్క దానిదే.

స్పోకుల పాఠం

పాత చక్రంలో స్పోకులు కూడా ఇదే నీతి చెబుతాయి. ప్రతి స్పోకూ సాగదీసిన బోల్టే, దాని నిప్పిలే నట్టు. బులెట్ చక్రంలో సాధారణంగా 40 స్పోకులు ఉంటాయి. బండి బరువు పడినప్పుడు నేలవైపున్న స్పోకుల తన్యత తగ్గుతుంది. చక్రం తిరిగే ప్రతి చుట్టుకూ ప్రతి స్పోకూ ఒకసారి ఇలా సడలి మళ్ళీ బిగుస్తుంది. మొదటే బిగువు చాలినంత ఉంటే, సడలినప్పుడు కూడా కొంత మిగులుతుంది. చాలకపోతే ఆ క్షణాన స్పోకు పూర్తిగా వదులవుతుంది. మరలో ఘర్షణ సున్నా అవుతుంది. నిప్పిల్ తిరుగుతుంది. దాని భారం పక్క స్పోకుల మీద పడి అవీ అదే దారి పడతాయి.

అనుభవం గల మెకానిక్కు స్పోకులను పానాతో మీటుతూ పోవడం చూసి ఉంటారు. వీణ తీగను బిగిస్తే స్వరం పెరిగినట్టే, బిగువైన స్పోకు ఖంగున మోగుతుంది, వదులైనది బొద్దుగా పలుకుతుంది. పొడవు, మందం ఒకటే అయిన తీగల పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. శాస్త్రం తెలియకపోయినా ఆయన చెవి ఆ లెక్క కడుతూనే ఉన్నది.

చివరిగా

చక్రం కట్టే పనిని చెయ్యి తిరిగిన మెకానిక్కుకే వదిలిపెట్టండి. కాని పక్కన నిలబడి ఈ ఐదు ప్రశ్నలు అడిగే హక్కు మీకు ఉంది. మర సరైనదేనా? తల మీద అంకె ఉందా? నట్టు కింద రంగు గీకారా? పిన్ను కొత్తదేనా? వంద కిలోమీటర్లు తిరిగాక బిగువు మళ్ళీ చూస్తారా? ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు. కొత్తగా కట్టిన చక్రంలో తలాలు నలిగి, స్పోకులు సర్దుకుని బిగువు కొంత తగ్గడం సహజం.

ఆలోచించండి

1. ఒకే పొడవు, మందం ఉన్న రెండు స్పోకులలో ఒకటి రెండవ దాని పౌనఃపున్యంలో సగంతో మోగింది. దాని తన్యత ఎంత వంతు?
2. నొక్కుకున్న భాగాల మందం 40 బదులు 80 మి.మీ. అయితే, అదే బిగువుకు బోల్టు ఎంత సాగుతుంది? 0.05 మి.మీ. రంగు నలిగితే ఏ బోల్టు ఎక్కువ నష్టపోతుంది?
3. 10.9 బోల్టు చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల దగ్గర శాశ్వతంగా సాగుతుంది?

జవాబులు: 1. నాలుగో వంతు. 2. 0.172 మి.మీ. పొట్టి బోల్టే ఎక్కువ నష్టపోతుంది. దాని సాగుదలలో సగానికి పైగా పోతుంది, పొడుగు దానిలో మూడో వంతు కూడా పోదు. 3. 1000లో పదింట తొమ్మిది వంతులు, అంటే 900.